కళ్లు తిరిగినప్పుడు: కారణం తేల్చుకోవడం నుంచి నడక కుదుటపడే దాకా

"పొద్దున్నే మంచం మీద ఒత్తిగిలితే ఇల్లంతా తిరిగిపోతోంది, ఏం చేయాలి?" అమలాపురం, రాజోలు, పాలకొల్లు, భీమవరం వైపు నుంచి ఈ ప్రశ్న ఆగకుండా వస్తూనే ఉంది. వీరిలో చాలామంది అప్పటికే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఒక ఇంజెక్షన్ చేయించుకుని, ఒక సెలైన్ సీసా ఎక్కించుకుని ఉంటారు. ఆపైన నెలల తరబడి ఒకటే మాత్ర మింగుతూ ఉంటారు. పైత్యమని కొందరు, బీపీ అని కొందరు, మెడ నరమని మరికొందరు చెప్పి ఉంటారు.

తల తిరగడం జబ్బు పేరు కాదు, లక్షణం. కారణం తేల్చకుండా మాత్ర మొదలుపెడితే, నాలుగు నిమిషాల్లో సరిచేయగలిగే సమస్య నాలుగు నెలలు సాగుతుంది. ఒక్కోసారి పక్షవాతం కూడా పైత్యంగా చలామణీ అయిపోతుంది. అందుకే కింద చెప్పిన వరుస తప్పకండి. మొదటి మెట్టు దాటకుండా ఐదో మెట్టుకు వెళ్లకండి.

1. ముందుగా ప్రమాదం ఉందో లేదో చూడండి

తల తిరగడంతో పాటు వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం వద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

- మూతి వంకర పోవడం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం, తిమ్మిరెక్కడం
- మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం
- ఒకటి రెండుగా కనిపించడం
- ఊతం లేకుండా నిలబడలేకపోవడం, కూర్చోబెట్టినా ఒక పక్కకు ఒరిగిపోవడం
- మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి, లేదా హఠాత్తుగా వచ్చిన మెడనొప్పి
- ఛాతీలో నొప్పి, గుండె దడ, స్పృహ తప్పడం
- నల్లటి విరేచనం లేదా రక్తపు వాంతి
- తలకు దెబ్బ తగిలిన తర్వాత మొదలైన తిరుగుడు

నాలుగో గుర్తును చాలామంది వదిలేస్తారు. చెవి సమస్య ఉన్నవారు తూలుతూనైనా గోడ పట్టుకుని నడవగలుగుతారు. అసలు నిలబడనే లేకపోతే చిన్నమెదడుకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. బీపీ, షుగరు, పొగ అలవాటు ఉన్నవారి విషయంలో, వయసు 60 దాటినవారి విషయంలో ఈ అనుమానం మరింత బలంగా ఉండాలి.

పక్షవాతంలో రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. కాబట్టి "ఎప్పటి దాకా మామూలుగా ఉన్నారు?" అన్న ప్రశ్నకు జవాబును గడియారం చూసి కాగితం మీద రాయండి. దారిలో నీళ్లు, ఆహారం, ఆస్పిరిన్ ఏవీ ఇవ్వకండి. మింగే శక్తి తగ్గి ఉంటే అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గడ్డ కట్టిందో, రక్తనాళం చిట్లిందో స్కాన్ చేస్తే తప్ప తెలియదు; చిట్లి ఉంటే ఆస్పిరిన్ ప్రమాదం.

లంక గ్రామాల వారికి ప్రత్యేకంగా ఒక మాట. గోదావరి పొంగే రోజుల్లో రాత్రిపూట రేవు దాటడం ఎంత కష్టమో మీకు తెలియనిది కాదు. పడవ నడిపే మనిషి నంబరు, అవతలి ఒడ్డున కారు లేదా ఆటో ఉన్నవారి నంబరు ఇప్పుడే గోడ మీద రాసి పెట్టుకోండి. 108కి ఫోను చేసినప్పుడు ఏ రేవుకు వస్తున్నారో చెబితే అంబులెన్సు అక్కడికే వచ్చి ఉంటుంది.

ఇంకో జాగ్రత్త. తలకు సీటీ స్కాన్ తీసి "బాగానే ఉంది" అన్నంత మాత్రాన పై గుర్తులు ఉన్నవారు ఇంటికి వెళ్లిపోకూడదు. మెదడు వెనుక భాగంలో వచ్చే పక్షవాతం తొలి గంటల్లో సీటీలో కనబడకపోవచ్చు. ఎంఆర్‌ఐ అవసరమా అని అడగండి.

2. తిరుగుతున్న ఆ క్షణంలో

- ఎక్కడున్నవారు అక్కడే కూర్చోండి. గట్టు మీదైనా, నేల మీదైనా సరే.
- కాలువ గట్టు మీద బండి నడుపుతుంటే నీళ్లు లేని పక్కకు ఆపి దిగిపోండి. "ఇల్లు దగ్గరే కదా" అని ముందుకు పోకండి.
- సఖినేటిపల్లి, కోటిపల్లి లాంటి రేవుల్లో పంటు (ఏరు దాటించే బల్లకట్టు పడవ) మీద ఉంటే అంచు వదిలి మధ్యకు వచ్చి కూర్చోండి. నీళ్ల వైపు కాకుండా కదలని ఒడ్డును చూడండి.
- వాంతి వస్తుంటే పక్కకు తిరిగి పడుకోండి.
- పక్కన ఉన్నవారు ఫోనుతో రోగి కళ్లను దగ్గర నుంచి వీడియో తీయండి. కళ్లు తెరిచి ఉండాలి, వెలుతురు బాగా పడాలి.

ఈ వీడియో చాలా విలువైనది. తిరుగుడు సమయంలో కనుగుడ్లు ఒక తీరులో అదురుతాయి. ఏ వైపుకు, ఎలా అదురుతున్నాయో చూసి డాక్టరు కారణాన్ని చాలావరకు ఊహించగలరు. ఆసుపత్రికి వెళ్లేసరికి ఆ అదురు తగ్గిపోతుంది. వీడియోలో మాత్రం ఉండిపోతుంది.

షుగరుకు ఇన్సులిన్ లేదా మాత్రలు వాడుతున్నవారికి చెమట, వణుకు, ఆకలి కూడా ఉంటే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే, మెలకువగా మింగగలిగే స్థితిలో ఉన్నవారికి మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ చూడండి. యంత్రం దగ్గర లేకపోతే ఆలస్యం చేయకుండా పంచదార నీళ్లు ఇచ్చేయండి.

3. రెండు ప్రశ్నలు, ఒక కాగితం

ప్రమాద గుర్తులు లేవని తేలాక అసలు పని ఇక్కడ మొదలవుతుంది. "గిర్రున తిరిగిందా, కళ్లు బైర్లు కమ్మాయా, తూలిందా" అన్న ప్రశ్నకు జవాబులు గంటకోలా మారతాయి. ఈ కింది రెండు ప్రశ్నలకు జవాబులు అంతగా మారవు.

ఎంతసేపు ఉంది? ఏం చేస్తుండగా వచ్చింది?

రాసేటప్పుడు ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. "రోజంతా తిరుగుతోంది" అని రాస్తారు. నిదానంగా అడిగితే గిర్రున తిరిగింది అర నిమిషమే, మిగతా రోజంతా వికారం, భయం, తల బరువు అని తేలుతుంది. ఈ తేడా తెలిస్తే సగం దారి దాటినట్టే. గడియారంలో సెకన్ల ముల్లు చూసి రాయండి.

- ఒత్తిగిలినప్పుడు, పైకి చూసినప్పుడు, వంగి లేచినప్పుడు వచ్చి నిమిషం లోపు ఆగితే: లోపలి చెవిలో రేణువులు జారడం. దీన్నే బీపీపీవీ అంటారు.
- పడుకుని లేదా కూర్చుని లేచి నిలబడినప్పుడే వస్తే: బీపీ పడిపోవడం, ఒంట్లో నీరు తగ్గడం, రక్తహీనత.
- ఇరవై నిమిషాల నుంచి కొన్ని గంటల దాకా, చెవిలో హోరు, వినికిడి తగ్గడంతో వస్తే: మెనియర్స్ అనే లోపలి చెవి జబ్బు.
- కొన్ని నిమిషాల నుంచి మూడు రోజుల దాకా, వెలుతురు, చప్పుడు భరించలేకపోవడం, తలనొప్పితో వస్తే: మైగ్రేన్ వల్ల వచ్చే తిరుగుడు.
- హఠాత్తుగా మొదలై రోజుల తరబడి ఆగకుండా ఉంటే: చెవి సమతుల్య నరానికి వాపు. పక్షవాతం కూడా ఇలాగే మొదలవుతుంది కాబట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.
- తిరుగుడు లేకుండా నడిచేటప్పుడు మాత్రమే తూలితే: పాదాల నరాలు, విటమిన్ బి12 లోపం, మందులు, చూపు.

వాడుతున్న మందులన్నీ అదే కాగితం మీద రాయండి. ప్రోస్టేట్‌కు వాడేవి, నిద్ర మాత్రలు, ఇటీవల తీసుకున్న ఇంజెక్షన్లు కూడా.

4. ఒత్తిగిలితే తిరిగే వారికి: ఎప్లీ పద్ధతి

తిరుగుడుతో వచ్చేవారిలో ఎక్కువగా కనిపించే కారణం ఇదే. అందుకే దీని గురించి కాస్త వివరంగా రాస్తున్నాను.

లోపలి చెవిలో సున్నపు రేణువులు ఒక జిగురు పొరకు అంటుకుని ఉంటాయి. వయసు వల్లనో, తలకు దెబ్బ వల్లనో, చాలాకాలం మంచాన ఉండటం వల్లనో కొన్ని ఊడి పక్కనే ఉన్న అర్ధచంద్రాకార గొట్టంలోకి జారతాయి. తల కదిలించినప్పుడల్లా అవి ఆ గొట్టంలోని ద్రవాన్ని నెడతాయి. తల ఆగినా లోపల ద్రవం ఆగదు. దాంతో మెదడుకు తిరుగుతున్నట్టు అబద్ధపు కబురు అందుతుంది.

రేణువుల్ని ఏ మాత్రా కరిగించదు. తలను ఒక వరుసలో తిప్పి వాటిని బయటకు జార్చాలి. అమెరికా చెవి వైద్యుడు జాన్ ఎప్లీ రూపొందించిన పద్ధతి ఇదే. ఎక్కువమందికి ఒకటి రెండు సార్లకే తగ్గిపోతుంది.

మొదటిసారి డాక్టరు చేతనే చేయించుకోండి. ఆయన ముందు డిక్స్-హాల్‌పైక్ పరీక్ష (తల పక్కకు తిప్పి చురుగ్గా పడుకోబెట్టి కళ్లను చూడటం) చేసి ఏ చెవో నిర్ధారిస్తారు. మళ్లీ వచ్చినప్పుడు ఇంట్లో చేసుకోవచ్చు.

ఇంట్లో చేయకూడని వారు: మెడ ఎముకల్లో తీవ్రమైన సమస్య లేదా ఆపరేషన్ అయినవారు, కంటి రెటీనా ఊడినవారు, మెడ రక్తనాళాల్లో పూడిక ఉన్నవారు, పక్కన తోడు లేనివారు.

ముందు సిద్ధం చేసుకోవలసినవి:

- నేల మీద చాప లేదా పలచని పరుపు. నులక మంచం పనికిరాదు. మధ్యలో కుంగి ఉంటుంది కాబట్టి తల వెనక్కి వాలదు.
- పడుకున్నప్పుడు భుజాల కిందకు వచ్చేలా ఒక దిండు
- పక్కన ఒక మనిషి, ఒక గిన్నె, సెకన్లు చూపే గడియారం
- కడుపు నిండా తిన్న వెంటనే కాకుండా రెండు గంటల తర్వాత

కుడి చెవి సమస్య అయితే:

1. కాళ్లు చాపి కూర్చోండి. తలను కుడివైపు సగం తిప్పండి, అంటే ముక్కు ఎదుటి గోడకు, కుడి భుజానికి నడిమధ్యన ఉండాలి.
2. తల అలాగే ఉంచి చురుగ్గా వెనక్కి పడుకోండి. భుజాలు దిండు మీద, తల కాస్త వెనక్కి వాలి చాప మీద ఉండాలి. తిరుగుడు మొదలవుతుంది. కళ్లు తెరిచే ఉంచండి. అది ఆగాక మరో 30 సెకన్లు అలాగే ఉండండి.
3. తల పైకి ఎత్తకుండా ఎడమవైపు తిప్పండి, ఈసారి అటు సగం దాకా. 30 సెకన్లు.
4. ఇప్పుడు ఒంటితో పాటు ఎడమ పక్కకు ఒత్తిగిలండి. తల ఇంకా తిరిగి ముక్కు నేలను చూడాలి. 30 సెకన్లు.
5. గడ్డం ఛాతీ వైపు దించుకుని, ఎడమ పక్క నుంచే లేచి కూర్చోండి. కొన్ని నిమిషాలు లేవకండి.

ఎడమ చెవి అయితే కుడి, ఎడమలు తారుమారు చేయండి.

ఎక్కడ తప్పుతారంటే:

- రెండో మెట్టులో తిరుగుడుకు భయపడి లేచి కూర్చుంటారు. అది వస్తేనే రేణువులు కదులుతున్నట్టు.
- మూడో మెట్టులో తల పైకెత్తి తిప్పుతారు. రేణువులు వెనక్కి పోతాయి.
- నాలుగో మెట్టులో తల తిప్పి ఒళ్లు తిప్పరు. ముక్కు నేలను చూడకపోతే పని సగంలో ఆగినట్టే.
- తిరుగుడు మాత్ర వేసుకుని చేస్తారు. లక్షణం అణిగిపోయి ఏ చెవో తెలియదు.
- అయిపోయాక రాత్రంతా కూర్చునే నిద్రపోతారు. ఆ అవసరం లేదు.

రోజుకు ఒకసారి చేయండి. తిరుగుడు రాని రోజు ఆపేయండి. వారంలో తగ్గకపోతే, లేదా పడుకుని ఏ పక్కకు తిరిగినా ఒకేలా తిరుగుతుంటే రేణువులు వేరే గొట్టంలో ఉండవచ్చు. దానికి ఎప్లీ పనిచేయదు. దాని పద్ధతి వేరు, ఈఎన్‌టీ డాక్టరు చేస్తారు.

ఇది మళ్లీ రావచ్చు, కంగారు పడకండి. విటమిన్ డి తక్కువ ఉంటే సరిచేసుకోండి. మళ్లీ వచ్చే అవకాశం తగ్గుతుంది.

5. లేచి నిలబడగానే కళ్లు బైర్లు కమ్మే వారికి

మే నెల ఉక్కపోతలో, ఊడ్పుల్లో గంటల తరబడి వంగి పనిచేసేవారిలో, ఎండలో చేపల చెరువుల గట్ల మీద తిరిగేవారిలో ఇది ఎక్కువ. మన గాలిలో తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, ఒంట్లో నీరు మాత్రం పోతుంది.

ఇంట్లో బీపీ యంత్రం ఉంటే ఇలా చూడండి. ఐదు నిమిషాలు పడుకుని ఒకసారి, నిలబడిన నిమిషానికి ఒకసారి, మూడో నిమిషంలో మరోసారి. పై అంకె 20 లేదా కింది అంకె 10 పడిపోతే కారణం దొరికినట్టే. చాలామంది కూర్చుని ఒక్కసారే చూసి "బీపీ బాగానే ఉంది" అనుకుంటారు. ఆ కొలతలో ఈ తేడా దొరకదు.

- లీటరు నీటికి ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్. అది లేకపోతే లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. చెంచా చిన్నది, తలగొట్టి కొలవాలి.
- కొబ్బరి నీళ్లు మంచివే గానీ చెమటతో పోయిన ఉప్పు వాటిలో సరిపడా ఉండదు. ఉప్పు వేసిన మజ్జిగ కూడా తాగండి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు కొబ్బరి నీళ్ల గురించి, గుండె జబ్బు ఉన్నవారు ఉప్పు గురించి డాక్టరును అడిగాకే.
- మంచం మీద నుంచి లేచేటప్పుడు ఒక పక్కకు తిరిగి, కాసేపు కాళ్లు వేలాడేసి కూర్చుని, పిక్కలు బిగించి వదిలి, అప్పుడు లేవండి.
- బీపీ మాత్ర మీ అంతట మీరు ఆపకండి. పై మూడు కొలతలూ డాక్టరుకు చూపించండి. మోతాదో, వేసుకునే వేళో ఆయన మారుస్తారు.

మహిళలు హిమోగ్లోబిన్ పరీక్ష తప్పకుండా చేయించుకోండి. రక్తహీనతను "నీరసం" అని ఏళ్ల తరబడి భరించేవారు మన ఊళ్లలో ఇప్పటికీ చాలామంది.

6. రోజుల తరబడి ఆగని తిరుగుడు: మందు తక్కువ, వ్యాయామం ఎక్కువ

డాక్టరు చూసి ఇది నరానికి వచ్చిన వాపేనని చెప్పాక ఈ మెట్టు. మొదటి రెండు మూడు రోజులు వాంతులు, తిరుగుడు తగ్గడానికి ప్రోక్లోర్‌పెరజైన్ లాంటి మందు ఇస్తారు. ఆ తర్వాత దాన్ని కొనసాగించకూడదు. పాడైన చెవి లోటును మెదడు తనంతట తాను సర్దుకోగలదు. ఈ మందులు ఆ సర్దుబాటునే అడ్డుకుంటాయి. తిరుగుడుకే ఇచ్చే మరో మాత్ర సినరిజిన్‌ను నెలల తరబడి వాడిన పెద్దవారికి చేతులు వణకడం, నడక మందగించడం కూడా రావచ్చు. మీ ఇంట్లో పెద్దవారు ఈ మాత్ర ఎప్పటి నుంచి వాడుతున్నారో ఇవాళే చూడండి.

వాంతులు తగ్గగానే మంచం దిగి ఇవి మొదలుపెట్టండి:

- గోడ మీద కంటి ఎత్తులో ఒక పెద్ద అక్షరం అంటించండి. చూపు దాని మీదే ఉంచి తలను కుడి ఎడమలకు కొద్దికొద్దిగా తిప్పండి. అక్షరం అలుక్కుపోతే వేగం తగ్గించండి. 30 సెకన్లతో మొదలుపెట్టి నిమిషం దాకా, రోజుకు మూడుసార్లు. ఆపైన తల కిందికీ పైకీ.
- గది మూలన గోడలకు వీపు పెట్టి, ఎదురుగా కుర్చీ ఉంచి, పాదాలు దగ్గరగా చేర్చి నిలబడండి. కుదిరాక కళ్లు మూసి, ఆ తర్వాత దిండు మీద.
- వసారాలో గోడ పక్కనే, ఒక పాదం ముందు మరో పాదం పెట్టి నడవండి.

వ్యాయామం చేసేటప్పుడు కాస్త తిరుగుతుంది. కాసేపట్లో తగ్గితే సరైన మోతాదే. పూట గడిచినా తగ్గకపోతే మర్నాడు సగం చేయండి. "తిరుగుతోంది కదా" అని పూర్తిగా పడుకున్నవారు కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది.

7. గంటల తరబడి వచ్చిపోయే తిరుగుడు

చెవిలో హోరు, నిండుదనం, వినికిడి తగ్గడం కలిసి వస్తే వినికిడి పరీక్ష తప్పనిసరి. మెనియర్స్ అని తేలితే ఉప్పు తగ్గించాలి. మన ఇళ్లలో కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, ఎండు చేపల వేపుడు వేసుకుంటే తగ్గించినట్టు కాదు.

మైగ్రేన్ రకమైతే నిద్ర వేళలు, భోజనం వేళలు తప్పకుండా చూసుకోవాలి. రాత్రంతా ఏరియేటర్లు (నీళ్లలోకి గాలి అందించే యంత్రాలు) కాపలా కాసి పగలు నిద్రపోయే చేపల చెరువుల పనివారికి ఇది కష్టమే. కనీసం వరుసగా రాత్రుళ్లు పడకుండా వంతులు మార్చుకోండి.

ఒక చెవి ఉన్నట్టుండి వినిపించకపోతే మాత్రం మరో ఆలోచన లేకుండా అదే రోజు ఈఎన్‌టీ దగ్గరకు వెళ్లండి. స్టెరాయిడ్ చికిత్స ఎంత ముందు మొదలైతే వినికిడి తిరిగి వచ్చే ఆశ అంత ఎక్కువ.

8. తిరుగుడు లేదు, నడకే తూలుతోంది

చీకట్లో, ముఖం కడుక్కుంటూ కళ్లు మూసినప్పుడు తూలితే పాదాల నరాలను అనుమానించాలి. దీర్ఘకాలపు షుగరు, బి12 లోపం, మద్యం ముఖ్య కారణాలు. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు చెవి లోపలి సమతుల్య కణాలను దెబ్బతీయగలవు. జ్వరానికి ఏ ఇంజెక్షన్ చేస్తున్నారో పేరు అడిగి తెలుసుకోవడం మీ హక్కు.

పెద్దవారున్న ఇంట్లో ఈ మార్పులు చేయండి:

- మంచం నుంచి మరుగుదొడ్డి దాకా రాత్రంతా చిన్న దీపం
- మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకు బిగించిన కడ్డీ
- వానాకాలంలో పెరటి నాచును బ్లీచింగ్ పౌడరు వేసి గీకేయడం
- గడప దగ్గర తొట్రుపడకుండా అంచుకు తెల్లరంగు
- అరిగిపోయిన హవాయి చెప్పులకు బదులు వెనుక పట్టీ ఉన్నవి

ఊతకర్ర వాడటానికి నామోషీ పడే పెద్దాయనకు, తుంటి ఎముక విరిగితే నెలల తరబడి మంచం తప్పదని ప్రేమగానే, గట్టిగా చెప్పండి.

9. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు

బీపీపీవీ, వినికిడి సమస్యకు ఈఎన్‌టీ. మైగ్రేన్, నడక తూలడం అయితే న్యూరాలజిస్టు. లేచినప్పుడు మాత్రమే వస్తే జనరల్ ఫిజీషియన్ చాలు. స్థానిక ఆసుపత్రిలో తేలకపోతే కాకినాడలో రంగరాయ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి ఉంది.

తీసుకెళ్లవలసినవి: సమయాలు రాసిన కాగితం, కళ్ల వీడియో, మందుల పట్టీలు, పడుకుని నిలబడి చూసిన బీపీ కొలతలు.

అడగవలసినవి: "పడుకోబెట్టి చూసే పరీక్ష చేస్తారా? ఈ మాత్ర ఎన్ని రోజులు? ఎప్పుడు ఆపాలి?"

మెడ ఎక్స్‌రే గురించి ఒక మాట చెప్పాలి. యాభై దాటిన వారిలో చాలామందికి మెడ ఎముకల అరుగుదల కనబడుతుంది. కనబడినంత మాత్రాన తిరుగుడుకు అదే కారణం కాదు. ఒత్తిగిలితే తిరిగే మనిషికి మెడ పట్టీ కడితే తల కదలిక తగ్గి లక్షణం దాగుతుంది, రేణువులు ఉన్నచోటే ఉంటాయి.

10. మళ్లీ పనిలోకి

తిరుగుడు తగ్గినా వెంటనే ఎత్తులు, నీళ్లు, బండి వద్దు.

- కొబ్బరి దింపు కార్మికులు ముందు నేల మీద నిలబడి తల పైకెత్తి గెలలను చూడండి. వరుసగా వారం రోజులు ఏమీ తిరగకపోతే, డాక్టరు కూడా సరే అంటే అప్పుడు చెట్టెక్కండి.
- తల చకచకా రెండు పక్కలకూ తిప్పినా చూపు నిలకడగా ఉంటేనే బండి తీయండి. మొదట పగలు, ఖాళీ రోడ్డు మీద.
- కాలువలో, గోదావరిలో స్నానానికి ఒంటరిగా దిగకండి. చెవి దెబ్బతిన్నవారికి నీళ్లలో మునిగి కళ్లు మూసుకుంటే పైకి ఏ వైపో తెలియకపోవచ్చు.
- మూడు నెలలు దాటినా రోజూ తేలుతున్నట్టు, ఊగుతున్నట్టు ఉంటే, జనంలోకి, సంతలోకి వెళ్తే ఎక్కువైతే మళ్లీ న్యూరాలజిస్టును కలవండి. పరీక్షలన్నీ బాగున్నా ఈ ఇబ్బంది నిజమైనదే. వ్యాయామంతో, కొన్ని మందులతో, మనసుకు ధైర్యమిచ్చే చికిత్సతో తగ్గుతుంది.